ఎడమ కొమ్ముకి చుట్టిన తెల్ల టేపు

మా కాఫీ పొడి కొట్టుకొచ్చే టూరిస్టులు ముందు వాసన చూస్తారు. తరవాత చికోరీ కలిపారా అని అడుగుతారు. ఆ తరవాత నా మొహం చూస్తారు. కొంతకాలం పాటు అలా చూసినవాళ్ళలో ఎవరో ఒకరు నవ్వు ఆపుకుంటూ అడిగేవారు: "ఎలుగుబంటిని చూసి చెట్టెక్కేసింది మీరేనటగా అండీ?"

చెట్టెక్కింది నేను కాదు. అసలు ఆ కథలో చెట్టే లేదు. కథ నాది. అందులో చెట్టు నాటింది మా బావమరిది.

వాడు మా ఆవిడ తమ్ముడు. విజయనగరం వైపు పల్లం నుంచి ముందు నేను అరకు ఎక్కి కొట్టు పెట్టాను. నా వెనకాలే వాడూ ఎక్కి, పసుప్పచ్చ పూల వలిసె చేల పక్కన గుడారాలు వేసి టూరిస్టుల్ని పడుకోబెట్టే వ్యాపారం పెట్టాడు. గుడారంలో పడుకోవడానికి వచ్చినవాళ్ళకి బొంగు చికెన్ పెట్టి ఊరుకుంటే తృప్తి ఉండదు, కాస్త భయం కూడా వడ్డించాలి. ఆ భయాన్ని వాడు నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయాడు.

నా కథ ఇది. నేను సైకిలు తొక్కుతాను. మామూలుది కాదు, రోడ్డు బైకు అంటారే, సన్నటి చక్రాలూ, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలూ ఉన్నది. సంతకొచ్చే గూడేలవాళ్ళు దాన్ని పొట్టేలు సైకిలనే అంటారు. ఒక మంచు పొద్దున గాలికొండ ఎక్కుడులో నా ఆయాసం నాకే వినపడుతుంటే, పక్కన ఇంకో ఆయాసం వినపడింది. తిరిగి చూస్తే ఎలుగుబంటి. నేను ఆగలేదు. ఎక్కుడులో ఆగితే మళ్ళీ పెడలు మీద కాలు పడదు. సైకిలు తొక్కేవాడికి ఎలుగుకన్నా అదే పెద్ద భయం. అదీ ఆగలేదు. వంపు దగ్గర నా పని అయిపోయిందని దానికి అర్థమైంది కాబోలు, నా హ్యాండిల్ కొమ్ము మీద ఓ చెయ్యి వేసి వ్యూ పాయింటు దాకా తోడొచ్చింది. అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళ పొగ తగలగానే మర్యాదగా పక్కకి తప్పుకుని అడవిలోకి దిగిపోయింది.

ఇందులో నిజమెంత అని అడిగేవాళ్ళున్నారు. మంచులో నల్లగా, వెచ్చగా, రొప్పుతూ ఒకటి నా పక్కన నడిచిన మాట నిజం. దానికి తలమీద కొమ్ములున్నాయా లేవా అని వంగి చూసే తీరిక నాకు లేకపోయింది. మిగతాదంతా ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి నున్నగా చేసుకున్నాను. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ టీ గుక్క వెయ్యాలో, ఎలుగు చెయ్యి ఎంత బరువుందో, అన్నీ నా కష్టార్జితం.

వాడి గుడారాల దగ్గర వాడు చెప్పే కథలో ఆ ఎలుగు వచ్చి వాడి సైకిలు మీద చెయ్యి వేస్తోంది. అప్పటికి వాడికి సైకిలే లేదు. వాడి కథలో నేను కూడా ఉన్నాను, వెనకాల వస్తూ. ఎలుగుని చూడగానే సైకిలు పారేసి సిల్వర్ ఓక్ చెట్టెక్కేశాను. మా కాఫీ తోటల్లో నీడకి వేసే ఆ చెట్టుని చూసినవాడెవడూ ఈ మాట నమ్మడు. తాటి చెట్టుకైనా గరుకుంటుంది, దానికి అదీ లేదు. దాన్ని ఎక్కడం మిరియం తీగకే చేతనవుతుంది. కానీ టూరిస్టులకి ఆ సంగతి తెలియదు. వాళ్ళకి నేను చెట్టుమీద నుంచి కేకలేస్తున్న పెద్దమనిషిని.

ఓ రోజు వాడి గుడారాల దగ్గరికి వెళ్ళి మెల్లగానే అడిగాను.

"నా కథ నాకొగ్గీరా. నీకు కావాలంటే ఇంకోటి సెప్తాను, పులిది."

వాడు వెదురు బొంగులో కారం దట్టిస్తూ తలెత్తలేదు. "నీ కథేటి బావా? పట్టా ఉందేటి నీకాడ?"

"ఒరే, ఆ ఎలుగు నాకు కనబడింది."

"ఏజెన్సీలో భూమికే పట్టా పుట్టదు, కథకేటి పుడతాది. ఎవులు బాగా సెప్తే ఆలదే."

"పోనీ ఆ సెట్టయినా తీసీ."

"సెట్టు తీసేత్తే ఇంకేటుంది బావా. నవ్వేది సెట్టు కాడే."

పగ పెంచడం కాఫీ మొక్క పెంచడం లాంటిది. ఎండ తగలనివ్వకుండా, నీడలో పెంచాలి. కాపుకి రావడానికి ఏళ్ళు పట్టినా తొందరపడకూడదు. కొట్టుకొచ్చినవాళ్ళు చెట్టు మాట ఎత్తినప్పుడల్లా నవ్వి ఊరుకుని, పొడి పొట్లం మీద దారం మాత్రం తెగేంత బిగించి కట్టేవాణ్ణి.

కాపుకి వచ్చింది. విశాఖ నుంచి సైకిళ్ళ మీద ఘాటీ ఎక్కే జట్లు రావడం ఎక్కువయ్యాక, వాళ్ళతో కలిసి తొక్కితే గుడారాలు నిండుతాయని వాడికి తోచింది. విశాఖలో ఎవరో వాడి వదిలేసిన పొట్టేలు సైకిలు కొని తెచ్చాడు. బండి బాగుంది. హ్యాండిల్‌కి చుట్టిన టేపు మాత్రం చిరిగి, పాము కుబుసంలా వేలాడుతోంది. ఈ చుట్టుపక్కల ఆ టేపు చుట్టడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పని ఎలా నేర్చుకున్నానంటే, మొదట్లో టేపు దొరక్క అడవి అడ్డతీగ నార చుట్టుకుని తొక్కాను. ఘాటీ ఎక్కేసరికి అరచేతుల్లో చేతిరేఖలన్నీ చెరిగిపోయాయి. మా ఇంటికొచ్చిన ఎరుక చెప్పే ఆవిడ నా చెయ్యి చూసి, నీకు భవిష్యత్తే లేదని చెప్పి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ టేపు విషయంలో నేను జాగ్రత్తపరుణ్ణి.

వాడు ఫోను పట్టుకుని కొట్టుకొచ్చాడు. "బావా, ఏది తెప్పించమంతావు?"

హ్యాండిల్ టేపు ఎంచుకోవడం చెప్పులు ఎంచుకోవడం కన్నా కష్టం. చెప్పు నొప్పెడితే విప్పి చేత పట్టుకోవచ్చు. మరీ మందమైతే చేతికి కింద ఇనుము ఉందన్న సంగతే తెలియదు, మరీ పలచనైతే రోడ్డులో గతుకులన్నీ మోచేతుల్లోకి ఎక్కుతాయి. మా దగ్గర మంచు కాబట్టి తడిసినా జారని గరుకు కావాలి. మట్టి ఎర్రన కాబట్టి ముదురు రంగు కావాలి. నేను వాడేది కాల్చిన కాఫీ గింజ రంగు. మురికి పట్టినా అది ముందునుంచీ అలాగే ఉందనుకుంటారు.

వాడి వేలు తెల్లదాని మీద ఆగింది. మెత్తగా, మందంగా, పెళ్ళికొడుకు పంచెలా మెరిసిపోతోంది.

"ఇది ఫోటోల్లో బాగుంతాది కదేటి బావా?"

"నీకు అదే నప్పుతాదిరా" అన్నాను మనస్ఫూర్తిగా.

టేపు వచ్చిన రోజు మధ్యాహ్నం సైకిలు మా కొట్టు వెనక పెట్టించాను. పాత టేపు ఊడదీసి, అంటుకున్న జిగురంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. బ్రేకు వైర్లు హ్యాండిల్‌కి ఆనేలా అక్కడక్కడ అతికించాను. వాడు ఖాళీ చేతులతో రాలేదు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ తెచ్చాడు. ఈ పని అయ్యాక పూజ.

కుడి కొమ్ముతో మొదలుపెట్టాను. కొమ్ము చివర నుంచి పైకి, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా, టేపు సాగీ సాగకుండా లాగి పట్టుకుని, కుడివైపుకి తిప్పుతూ చుట్టాలి. ఎక్కుడులో మనిషి కొమ్ముల్ని పట్టుకుని పిండుతాడు. కుడి చెయ్యి బయటికి, అంటే కుడికి మెలితిరుగుతుంది. ఎడమ చెయ్యీ బయటికే, అంటే ఎడమకి మెలితిరుగుతుంది. చుట్టు కూడా చెయ్యి మెలిక ఎటుంటే అటే ఉండాలి. అప్పుడు తొక్కినకొద్దీ టేపు బిగుస్తుంది. ఎదురు చుట్టితే, తొక్కినకొద్దీ మన చెయ్యే దాన్ని విప్పుతుంది. ఇంతకు మించి ఇందులో శాస్త్రమేమీ లేదు.

కుడి కొమ్ము కన్నెపిల్ల జడలా వచ్చింది. ఎడమ కొమ్ముకి ఎడమవైపు తిప్పుతూ ఒక్క చుట్టు వేశానో లేదో, వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగాగు బావా. ఏటి సేత్తన్నావు?"

"సుడతన్నాను."

"అటేటి తిప్పుతన్నావు? కుడికి తిప్పు."

"ఇది ఎడం కొమ్మురా. దీనికి అటే తిప్పాల."

"ఎడం సుట్టు కాటి కాడ తిరుగుతారు. కొత్త బండికి ఎవడైనా అలగ సుడతాడేటి? అమ్మకి తెలిస్తే అన్నం తినదు."

వాడనేది మా పల్లం ఊళ్ళలో అబద్ధం కాదు. గుడి చుట్టూ కుడికే, హారతి కుడికే, తిరగలి కుడికే. పరమాన్నంలో గరిటె ఎడమకి తిప్పితే మా అత్తగారు గరిటె లాక్కుంటుంది. ఎడమకి తిరిగేది చితి చుట్టూనే. నేనూ ఆ ఇళ్ళల్లో పుట్టినవాణ్ణే. నా మొదటి టేపు రెండు కొమ్ములకీ కుడికే చుట్టాను. ఎడమది ఎన్నిసార్లు ఊడిందో, ఎన్నాళ్ళకి నాకు బుద్ధొచ్చిందో చెప్పడం నాకిష్టం లేదు.

ఆ ఒక్క మాట వాడికి చెబితే సరిపోయేది. మాట నాలుక మీదకి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే వాడి గుడారాల్లో దిగిన విశాఖ జట్టు మనుషులిద్దరు, భార్యాభర్తలు, టేపు చుట్టడం చూద్దామని వచ్చారు. మర్నాడు మా ఇద్దరితో వాళ్ళూ తొక్కబోతున్నారు. మావాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈరేనండి మా బావ. నాను సెప్పనేదా, సిల్వరోకు సెట్టు."

ఆవిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆయన అంత మర్యాద కూడా చెయ్యలేదు.

నాలుక మీది మాట మింగేశాను. తియ్యగా దిగింది.

"నువ్వన్నదే మంచిదిరా" అన్నాను. "శుభమా అని కొత్త బండి. కుడికే తిప్పుదాం."

ఒక్క సంగతి చెప్పుకోవాలి. మర్నాటి ప్రయాణం వ్యానులో ఘాటీ కిందికి దిగి, అక్కణ్ణుంచి వ్యూ పాయింటు దాకా తొక్కుకుంటూ ఎక్కడం. అంతా ఎక్కుడే. దిగుడైతే నేను ఆ పని చెయ్యను. నాకు పగ కావాలి గానీ మా ఇంట్లో ఏడుపులు వద్దు. మనిషి నడిచే వేగంతో ఎక్కేవాడికి టేపు ఊడితే ఊడేది పరువే.

ఎడమ కొమ్ము కుడిదాని కన్నా అందంగా చుట్టాను. అంత శ్రద్ధగా నా సైకిలుకి కూడా ఎప్పుడూ చుట్టుకోలేదు. చివర్న, హ్యాండిల్ మధ్యలో టేపు కొస ఆగడానికి నల్ల ఇన్సులేషన్ టేపు తీశాను. వాడు మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొత్తదానికి నల్లదేటి బావా. పసుపు దారం కట్టీ."

"మంచులో తడిస్తే దారం నిలబడదేమోరా" అన్నాను. ఇది నిజంగానే అన్నాను. ధర్మం కోసం ఒక్క ముక్క.

"దేవుడి దారం జారుతాదేటి?"

వాడే కట్టుకున్నాడు, కళ్ళకద్దుకుని, మూడు ముళ్ళు. కొబ్బరికాయ కొట్టాడు. నిమ్మకాయల మీంచి చక్రాలు పోనిచ్చాడు. నాకు ప్రసాదం పెట్టాడు. తిన్నాను.

తెల్లారుతుండగా ఘాటీ మొదట్లో వ్యాను మమ్మల్ని దింపింది. విశాఖ జట్టు ఆరోగ్యం కోసం వచ్చినవాళ్ళు, తలో రంగు చొక్కాలు వేసుకుని ముందే ఫోటోలు దిగారు. మావాడు ముందు, నేను వాడి వెనక. నా జీవితంలో ఒకరి వెనక అంత ఇష్టంగా ఎప్పుడూ తొక్కలేదు.

మొదట దారం తడిసింది. కాసేపటికి ముళ్ళు అలాగే ఉండి, దారం మొత్తం ఉంగరంలా పక్కకి జారింది. టేపు కొస నాలుకలా పైకి లేచింది. వాడు బొటనవేలితో నొక్కాడు. మళ్ళీ లేచింది. వంపుల్లో వాడు సీటు మీంచి లేచి నిలబడి, కొమ్ముల్ని పిండుతూ తొక్కుతాడు. పిండినప్పుడల్లా ఎడమ చుట్లు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతున్నాయి. కింద ఇనుము కనబడుతోంది. ఆగి సర్దుకుంటే నేను దాటిపోతానని వాడి భయం. అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి తెల్ల టేపు మూర పొడుగున వేలాడుతోంది. చక్రంలో పడకుండా దాన్ని మణికట్టుకి చుట్టుకున్నాడు. వెనక నుంచి చూస్తే ఆసుపత్రి నుంచి చెప్పకుండా పారిపోయి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

"ఏటయిందిరా?" అని అడిగాను, పక్కకొచ్చి.

"ఏటీనేదు."

"కుడికే తిప్పాం కదా."

వాడు నా వైపు చూడలేదు. నేను మళ్ళీ వెనకపడ్డాను.

గాలికొండ ఎక్కుడులో మంచు వాణ్ణి మింగేసింది. నేను కావాలనే నెమ్మదిగా తొక్కాను. పైన అందరి ముందూ అనబోయే మాట తయారు చేసుకోవాలి కదా. ఎలుగుతో కలిసి కొండెక్కినవాడికి టేపు కొస నిలపడం రాలేదండీ అందామా? చెట్టెక్కినవాడి టేపు చూడండి, ఎలుగు ఎక్కించినవాడి టేపు చూడండి అందామా? రెండోది బాగుంది. దాన్ని నోట్లో బెల్లం ముక్కలా చప్పరిస్తూ ఎక్కాను.

పైకి వచ్చేసరికి జట్టంతా మావాడి చుట్టూ గుంపుగా నిలబడి ఉంది. ఫోనులు పైకి లేచి ఉన్నాయి. వాడు సైకిలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చిరిగి బురదకొట్టుకుపోయిన తెల్ల టేపు ఎత్తి చూపిస్తున్నాడు.

"ఇక్కడండి, ఇక్కడేసింది సెయ్యి. నాను తొక్కతానే ఉన్నాను. అది ఒగ్గనేదు. గోళ్ళండి, సూడండి. నాగీసింది."

ఎన్నాళ్ళో నీడలో పెంచిన పగ నాది. దాన్ని ఒక్క ఎక్కుడులో వాడు సాక్ష్యంగా మార్చేసుకున్నాడు. నా ఎలుగు ఉత్త మాటల ఎలుగు. ఇప్పుడు వాడి ఎలుగుకి గోళ్ళు కూడా వచ్చాయి. ఆ గోళ్ళు నేను స్వయంగా చుట్టి ఇచ్చినవి. ఇక ఆ కథ నాకు దక్కదని అక్కడే, పొత్తులు కాల్చే పొగలో నిలబడి నాకు అర్థమైంది.

వాడు నన్ను చూశాడు. జంకలేదు. "అడగండి, ఎనకాలే వచ్చినాడు. ఏటి బావా, సూసావు కదా?"

అందులో వాడి లెక్క నాకు తెలుసు. లేదంటే కుళ్ళుబోతుని. అవునంటే ఎలుగు వాడిదైపోతుంది, ఆ తరవాతి మాట చెట్టు. నిన్న చున్నీ అడ్డం పెట్టుకున్నావిడ అప్పుడే దానికోసం చూస్తోంది.

సైకిలు గోడకి ఆనించాను. సీసా తీసి నీళ్ళు తాగాను. మూత బిగించాను.

"చూశాను" అన్నాను. "మొత్తం చూశాను."

వాడి మొహం వెలిగింది.

"మావాడు చెప్పింది అక్షరాలా నిజమండీ. అంత ఎలుగుని నా జన్మలో చూడలేదు. వచ్చి ఎడమ కొమ్ము మీద చెయ్యి వేసింది. కానీ ఆ తరవాత జరిగింది వాడు సిగ్గుపడి చెప్పడం లేదు."

"బావా" అన్నాడు వాడు.

"నువ్వుండరా. కళ్ళు మూసుకున్నవాడివి, నీకేం తెలుసు. అది చెయ్యి వెయ్యగానే మావాడు రెండు చేతులూ వదిలేసి దండం పెట్టాడండీ. 'తల్లీ, నన్నొగ్గీ. ఎనకాల మా బావ వత్తన్నాడు. బాగా కండున్నోడు. ఆడ్ని తినీ' అన్నాడు."



"నిజంగా అలా అన్నారా?" అని ఆవిడ వాణ్ణి అడిగింది.

వాడు నోరు తెరిచాడు. వాడి ముందు రెండే దారులున్నాయి. ఎలుగే రాలేదని ఒప్పుకోవాలి, లేదా ఎలుగు నిజమైతే ఈ మాటా నిజమని ఒప్పుకోవాలి. చుట్టూ ఫోనులు తిరుగుతున్నాయి. చేతిలో టేపు వేలాడుతోంది. నేను తొందరపెట్టలేదు. ఎంతసేపైనా చూసేవాణ్ణి.

"బయంలో ఏదో ఒకటి అనేత్తాం గదండీ" అన్నాడు చివరికి.

చెయ్యని పనిని తన నోటితో తనే ఒప్పుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. పొడి కొట్టులో పడిన నవ్వులన్నీ ఆ ఒక్క వాక్యంతో చెల్లిపోయాయి.

"అప్పుడు ఎలుగు ఏం చేసిందండీ?" ఆయన అడిగాడు.

"నన్ను చూసింది. వాణ్ణి చూసింది. ఛీ అన్నట్టు టేపు పీకి మొహాన కొట్టి వెళ్ళిపోయింది."

ఆ నవ్వుకి పొత్తులు కాల్చేవాళ్ళు కూడా లేచి వచ్చారు.

వీడియో మాకన్నా ముందే అరకు చేరింది. మా ఆవిడ చూసింది. తమ్ముడికి ఫోను చేసి, "మా ఆయన్ని తినమన్నావట్రా?" అని అడిగింది. అదంతా అబద్ధమని అక్కకి చెబుదామంటే, ఆ వీడియో చూసే వాడి గుడారాలకి జనం వస్తున్నారు. వచ్చినవాళ్ళకి కథ చెబుదామంటే, కథలోకి ఎలుగు రాకముందే బావని తినమన్న ఆ మాట వాళ్ళే అనేస్తున్నారు. వాడు ఎలుగు కథ మానేశాడు. సంతకి వెళ్తే కూరలమ్మే ముసల్ది వాడి వెనక నిలబడినవాళ్ళని పక్కకి జరగమంటోందట, ఎలుగొస్తే మిమ్మల్ని ఇచ్చేస్తాడు అని.

నెల తిరగకుండా వాడు కొట్టుకొచ్చాడు. ఎవరూ లేకుండా చూసుకుని, బస్తా మీద కూచున్నాడు.

"బావా, ఒక్క మాట. నువ్వు సెప్తే సెప్పు, నానేటీ అనను. ఆ కండున్నోడు అన్నది ఒక్కటీ తీసీ. అక్క రోజూ ఫోను సేసి అదే అంటంది, నా మొగుడి కండ మీద పడ్డావేట్రా అని."

"అంతేనా?"

"అంతే."

"టేపు సంగతి?"

"నల్లది తెచ్చుకున్నాను. నువ్వెటు తిప్పితే అటు తిప్పు."

సరే అన్నాను. నా కథ నాకు తిరిగొచ్చింది, అందులో ఒక మాట తీసేస్తే పోయేదేముంది. వాడి ముందే ప్రమాణం చేశాను. కండున్నోడు అన్న మాట తీసేశాను. ఇంతవరకూ మళ్ళీ ఎక్కడా వాడలేదు.

ఆ ఖాళీ ఊరికే ఉంచడం కథకి మంచిది కాదు కాబట్టి, ఇప్పుడు నేను చెప్పినప్పుడల్లా వాడు ఎలుగుకి మా ఇంటి దారి కూడా చెప్తున్నాడు, మలుపులతో సహా.